ఆది కోటు

జగదీంద్రరావు గారు నా టేపుని ఒంటి మీదికి రానివ్వరు.
ఆది పంపుతారు.
డ్రైవరు చేతిలో, పేపర్లో చుట్టిన పాత కోటు.
"దీని లెక్కన కుట్టమన్నారు."
ఇరవై ఏళ్లుగా ఇదే మాట.
ఆయనకున్నవి కోట్లు, నేను కుట్టిందీ కోట్లే.
భుజం పద్దెనిమిదిన్నర,
ఎడమది అరంగుళం కిందికి.
ఆ సంగతి ఆయన ఇంట్లోవాళ్లకి తెలుసో లేదో
లాలాపేటలో, ఈ మిషను ముందు కూచున్న నాగూరుకి తెలుసు.

ఆ ఏడు బ్రాడీపేట బడిలో మాంత్రికుల నాటకం.
లావుపాటి పుస్తకాలంట, ఒకదాని వెనక ఒకటి,
నా మనవరాలు పెడల్ చప్పుడు మీదికి గొంతు పెంచి
చదివి వినిపించేది.
అందులో ఒక దొర.
చేతి తొడుగులు విప్పడు,
నిద్రలో కూడా విప్పడంట.
ఎదురైనవాణ్ణి పేరడగడు, ముత్తాత పేరడుగుతాడు.
"నీది నేర్చుకున్న మంత్రం.
నాది పుట్టిన మంత్రం" అంటాడు.
"పచ్చి దుర్మార్గుడు తాతా!"
నేను సూదిలో దారం ఎక్కిస్తా అన్నా:
"ముందు ఇంటిపేరు అడిగేవాళ్లని చూడాలంటే
మంత్రాల ఊరు దాకా పోవాలా అమ్మా?"

దొర వేషం కట్టాల్సిన పిల్లోడికి ఆటలమ్మ పోసింది.
ఏసుపాదం నుంచున్నాడు.
బక్కోడు. నోరు తెరిస్తే మాత్రం
టీచరమ్మ చేతిలో చాక్‌పీసు ఆగిపోయిందంట.
"ఎవరు నేర్పార్రా ఈ గొంతు?"
"మా నాయన యార్డులో బస్తాలు మోస్తాడండి.
సెలవుల్లో నేనూ పోతా.
కాటా దగ్గర వినపడతా ఉంటది."

నల్ల వెల్వెట్టు, లోపల మిరపపండు రంగు లైనింగు.
వాడికి టేపు పెట్టా: పద్నాలుగు.
పద్నాలుగంగుళాల దొరని చూసి ఎవడు భయపడతాడు?
కొక్కేనికి ఆయన ఆది వేలాడతా ఉంది.
నేనేం ఆలోచించలేదు.
అల్లా మీద ఒట్టు, కత్తెరే పోయింది ఆ దారిన.
మిగిలిన నాలుగున్నర అంగుళాల్లో దూది కూరా.
ఎడమ పక్క కొంచెం తగ్గించా.
వేసుకుని నాలుగడుగులు వేశాడు పిల్లోడు,
వీధిలో కుక్క లేచి పక్కకి పోయింది.

నాటకం రోజు ముందు వరసలో సోఫా.
సోఫాలో ముఖ్య అతిథి, జగదీంద్రరావు గారు.
స్టేజీ మీద దొర, నౌకరు చేతికి కూలీ ఇవ్వాలి.
పుస్తకంలో లేదంట ఇది, వాడే కలిపాడు:
చెయ్యి తగలకుండా జానెడు పైనుంచి
వరహా వదిలాడు.
నేల మీద గిర్రున తిరిగింది.
వెనక కుర్చీల్లో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది,
తర్వాత ఆ వరసంతా నవ్వింది.
సోఫాలో ఆయన చప్పట్లు కొట్టారు,
చేతికి చెయ్యి తగిలీ తగలనట్టు.

తర్వాత లోపల గదిలో నేను పిన్నులు తీస్తన్నా.
ఆయనొచ్చారు. సరదా పుట్టింది.
"ఇటివ్వండి, ఒక ఫోటో" అని
అంగీ భుజాన వేసుకున్నారు.
దూది పీకేశా గదా,
ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు.
హెడ్మాస్టరు పాపం మంచోడు,
"తమకే కుట్టినట్టుందండీ" అన్నాడు.
అద్దంలో ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది.
ఆయన నవ్వు కాసేపు అట్టాగే ఉంది,
ఇస్త్రీ చేసి మర్చిపోయిన బట్టలా.
అద్దంలోంచే నా వైపు చూశారు.
ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

ఏసుపాదం దూదంతా సంచిలో వేసుకున్నాడు.
"చెల్లికి దిండు చేస్తానన్నా."

వారం తిరిగాక డ్రైవరొచ్చాడు, చేతులూపుకుంటా.
"ఆది ఏదయ్యా?"
"లేదు. టేపు తీసుకుని నిన్నే రమ్మన్నారు."

టేపు నా మెళ్లోనే ఉంది.
మిషను మీద ఎవరో కూరగాయలామె జాకెట్టు,
ఒక చెయ్యి కుట్టడం అయింది.
"రెండోది కూడా అయ్యాక వస్తానని చెప్పు."